లాగితే రాదు... నానితే వస్తుంది

కుబుసం విడవడం గెక్కోకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య ఎక్కడ తడబడుతుంది? అప్పుడు మన చెయ్యి ఎంతవరకు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి? చిన్న ప్రాణిని ఇంటికి తెచ్చుకున్న ప్రతి కుటుంబం తెలుసుకోవాల్సిన సంగతులు.

జనవరి రెండో వారం. మినియాపొలిస్ శివార్లలోని మా ఇంటి చుట్టూ మోకాలి లోతు మంచు. లోపల హీటర్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. పదేళ్ల మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుని గాజుపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, పులిహోర వేళ్లకి తెల్లగా ఏదో అంటుకుంది. నాలుగు రోజులైంది, పోవట్లేదు" అంది.

పులిహోర మా లెపర్డ్ గెక్కో. పసుప్పచ్చటి ఒళ్లు, దాని నిండా పోపులో ఆవాలు చిట్లి అంటుకున్నట్టు నల్లచుక్కలు. చూసిన రోజే మా అమ్మాయి ఆ పేరు పెట్టేసింది. అరచేతిలోకి తీసుకుని టార్చి వెలుగులో చూశాను. కుడి ముందుకాలికి మూడు వేళ్ల చుట్టూ ఉల్లిపొరలాంటి చర్మం ఉంగరాల్లా బిగుసుకుని ఉంది. చివరి వేలి కొన ఆవగింజంత ఉబ్బి ముదురు ఎరుపులోకి తిరిగింది. ఎండిన పొరే కదా, పట్టుకుని లాగితే వచ్చేస్తుందనుకున్నాను. కనుబొమలకు వాడే పట్టకారు తెచ్చి కొన పట్టుకోబోయాను.

"లాగమాకే తల్లీ!"

గుమ్మంలో అమ్మ. తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూసుకుని, తలస్నానం చేస్తే గాని కుదుటపడని మనిషి. నెల రోజులుగా ఆ గాజుపెట్టె ఛాయలకే రాలేదు. ఆరోజు మాత్రం నా చేతిలోని పట్టకారు చూసి ఆగలేకపోయింది. "చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసినప్పుడు పెచ్చులు గిల్లనిచ్చానా? వాటంతటవే రాలాలని నీ చేతులు పట్టుకుని కూర్చోలా? ముందు నాననియ్యి."

మరునాడు సరీసృపాలు చూసే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చెప్పిందీ అదే. పొడిగా ఉన్న చర్మాన్ని ఎప్పుడూ లాగకూడదు. తేమ ఇవ్వాలి, వెచ్చదనం ఇవ్వాలి, ఓపిక పట్టాలి. మూడు రోజుల్లో రెండు వేళ్లు విడుదలయ్యాయి. మూడో వేలికి మేం ఆలస్యం చేశాం. దాని కొన నల్లబడి, వేలంతా ఎండి, రెండు వారాలకు రాలిపోయింది. గెక్కోకి తోక తెగితే మళ్లీ వస్తుంది గాని వేలు రాదు.

ఆ వేలు మాకు నేర్పిన పాఠమే ఈ కథనం.

చర్మం కింద చర్మం

మన ఒంటి మీది చర్మమూ రోజూ రాలుతూనే ఉంటుంది, కంటికి ఆనని పొట్టులా. బల్లులు, పాములు అలా కాదు. పాత పొర కింద కొత్త పొర మొత్తం తయారయ్యాకే పాతదాన్ని ఒక్కసారిగా వదిలిస్తాయి. రెండు పొరల మధ్య తేమ చేరి, వాటిని పట్టి ఉంచిన కణాలు కరుగుతాయి. అప్పుడు పాత పొర తొడుగులా వదులవుతుంది. కొత్త చర్మం పైన కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. పాత పొర ఊడి రావడానికి ఆ నూగు కూడా సాయపడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కుబుసానికి ఒకటి రెండు రోజుల ముందు గెక్కో రంగు మారుతుంది. పసుపు పాలిపోయి, ఒళ్లంతా బియ్యప్పిండి చల్లినట్టు తెల్లబడుతుంది. తిండి మీద ధ్యాస తగ్గుతుంది. పట్టుకుంటే చిరాకు పడుతుంది. తర్వాత ముక్కు దగ్గర పొర చిట్లుతుంది. గెక్కో రాయికో చెక్కకో తల రుద్దుకుని ఆ చిట్లిన అంచును నోటితో అందుకుంటుంది. అక్కడి నుంచి బనీను విప్పినట్టు మెడ మీదుగా, నడుము మీదుగా వెనక్కి తోస్తూ వస్తుంది. కాలి వేళ్ల దగ్గరికొచ్చాక ఒక్కో వేలిని నోట్లో పెట్టుకుని పంటితో తొడుగు కొన పట్టి లాగుతుంది. చూసేవాళ్లకు చంటిపిల్లాడు మేజోడు లాక్కుంటున్నట్టే ఉంటుంది. ఊడిన చర్మాన్ని అప్పటికప్పుడే తినేస్తుంది. అందులోని పోషకాలు వృథా పోకుండా, వేటాడే జంతువులకు ఆనవాలు దొరక్కుండా ఇలా చేస్తుందని చెబుతారు.

మన ఇంటి గోడ మీది బల్లి కుబుసం మనలో చాలామందికి కనబడకపోవడానికి కారణం కూడా ఇదే. అదీ విడుస్తుంది, విడిచి తినేస్తుంది.

పిల్ల గెక్కోలు త్వరగా పెరుగుతాయి కాబట్టి వారం రెండు వారాలకోసారి కుబుసం విడుస్తాయి. పెద్దవయ్యాక నెలకో, నెలన్నరకో ఒకసారి. అంతా సవ్యంగా ఉంటే కొన్ని గంటల్లో పని ముగుస్తుంది. పొద్దున్నే లేచి చూసేసరికి కొత్త రంగు మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటుంది. పాత పొర కనిపించడం మొదలై ఒక రోజు గడిచినా ఎక్కడైనా మిగిలి ఉందంటే అది మొండి కుబుసం.

'ఎడారి జీవికి తడి ఎందుకు?'

పులిహోరను కొన్న దుకాణంలో మాకు చెప్పిన మాట ఒక్కటే: ఇది ఎడారి జీవి, తడి తగలనివ్వకండి. మేం అక్షరాలా పాటించాం. అడుగున పొడి కాగితం పరిచాం. ఒక మూల చిన్న నీళ్ల గిన్నె పెట్టాం. అంతే.

ఆ మాటలో సగమే నిజం. లెపర్డ్ గెక్కో సొంత ఊరు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతం. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియాన్ని చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్. అది తిరిగే నేల రాళ్లు, ఎండుగడ్డి, పొడిగాలి, నిజమే. అయితే పగలంతా అది ఆ ఎండలో ఉండదు. రాళ్ల సందుల్లో, నేల బొరియల్లో దాక్కుని, పొద్దు వాలాక బయటికొస్తుంది. పైన నేల మాడుతున్నా బొరియ లోపలి మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఎండాకాలంలో చెరువు గట్టు మీద పై మట్టి బీటలు వారినా గునపంతో మూరెడు తవ్వితే చెమ్మ తగలడం మనం చూసిందే. గెక్కో కుబుసం విడిచేది ఆ చెమ్మలో.

మనం దాన్ని గాజుపెట్టెలో పెట్టినప్పుడు రాళ్లు ఇచ్చాం, వేడి ఇచ్చాం, బొరియను మాత్రం మర్చిపోయాం.

పైగా చలిదేశపు చలికాలం. గడ్డకట్టే గాలి పట్టుకోగలిగే తేమే బహు కొద్ది. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి హీటర్‌తో వేడి చేస్తే ఇంకా పొడిబారిపోతుంది. పశువైద్యురాలి మాట మీద తేమ కొలిచే మీటరు కొనుక్కొచ్చి పెట్టెలో పెడితే 18 శాతం చూపించింది. ఆ నెలంతా మా పెదాలు పగిలాయి. అమ్మ మడమలు పగిలాయి. తలుపు పిడి ముట్టుకుంటే వేలికి చురుక్కుమనేది. రోజూ పడుకునే ముందు ముగ్గురం కొబ్బరినూనె రాసుకున్నాం. ఆ గాజుపెట్టెలోని ప్రాణి పీల్చేదీ అదే గాలేనని నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఇది మంచుదేశాల గొడవ మాత్రమే కాదు. హైదరాబాద్‌లో గెక్కోను పెంచుకునే ఇంట్లో పగలంతా ఏసీ నడిస్తే గదిలో తేమ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల వడగాలి సంగతి చెప్పనక్కర్లేదు.

బిగిసే ఉంగరం

మొండి కుబుసం ఎక్కడపడితే అక్కడ మిగలదు. వేళ్లు, తోక కొన, కళ్ల చుట్టూ, ముక్కు రంధ్రాలు, చెవి రంధ్రాలు, మలద్వారం అంచులు, పాత గాయం మచ్చలు... ఎక్కువగా ఈ చోట్లే. వీపు మీద చిన్న ముక్క మిగిలితే పెద్ద ప్రమాదం లేదు. వేలి మీద మిగిలితే వేరే కథ.

ఎండే కొద్దీ ఆ పొర ముడుచుకుంటుంది. వేలు గుండ్రం కాబట్టి చుట్టూ ఉంగరంలా బిగుస్తుంది. ఒక కుబుసంలో మిగిలిన దాని మీద తర్వాతి కుబుసం పొర కూడా పేరుకుంటే ఉంగరం మందమవుతుంది. ఉబ్బిన వేలికి పాత ఉంగరం పట్టేసినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. రక్తం ఆడదు. ముందు వేలు ఉబ్బుతుంది, తర్వాత ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, చివరికి ఎండి రాలిపోతుంది. తోక కొనకూ ఇదే గతి.

ఇదంతా చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. గెక్కో కుంటదు, అరవదు. అందుకే కుబుసం అయిన మర్నాడు టార్చి వేసి వేళ్లు ఒక్కొక్కటే చూడటం అలవాటు చేసుకోవాలి. ఐదేసి వేళ్లు, నాలుగు కాళ్లు, మొత్తం ఇరవై. రెండు నిమిషాల పని అది.

చెయ్యి ఎంతవరకు?

కుబుసం నడుస్తున్నప్పుడు, అంటే గెక్కో తన పని తాను చేసుకుంటున్నప్పుడు, మనం చేయాల్సింది ఒక్కటే. దాన్ని వదిలేయడం. సగం ఊడి వేలాడుతున్న పొరను చూసి చాలామందికి చెయ్యి ఊరుకోదు. కింద కొత్త చర్మం ఇంకా పచ్చిగా ఉంటుంది. పొర పూర్తిగా వదులు కాకముందే లాగితే దాంతో పాటు కొత్త చర్మమూ చిరుగుతుంది. ఆ గాయం మచ్చ కడితే ప్రతి కుబుసంలోనూ అక్కడే పొర చిక్కుకుంటుంది.

ఒక రోజు గడిచినా ముక్కలు మిగిలి ఉంటే అప్పుడు సాయం చేయాలి. మాకు పశువైద్యురాలు నేర్పిన పద్ధతి ఇది.

మూతకు చిన్న చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకున్నాం. అడుగున కాగితపు తువాళ్లు నాలుగు మడతలు పరిచి, గోరువెచ్చటి నీళ్లతో తడిపి, నీళ్లు నిలవకుండా కాస్త పిండాం. నీళ్ల వేడి 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. మన చేతికి ఇది వెచ్చగా అనిపించదు, చల్లగానూ అనిపించదు. చంటిపిల్లల నీళ్లు చూసినట్టు అమ్మ మోచేయి ముంచి చూడబోయింది. మన ఒళ్లు 37 డిగ్రీలు, గెక్కోది చుట్టూ ఉన్న గాలి ఎంతో అంతే. అందుకని మోచేతిని నమ్మకుండా థర్మామీటరుతో కొలవాలి. మనకు హాయిగా ఉన్న వేడి దానికి చురక పెడుతుంది.

పులిహోరను డబ్బాలో ఉంచి మూత పెట్టాం. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ డబ్బా పక్కనే కూర్చున్నాం. మా అమ్మాయి గడియారం చూస్తోంది. డబ్బా లోపలి గోడల మీద ఆవిరి చుక్కలు కట్టాయి. నిమిష నిమిషానికీ వేళ్ల మీది పొర రంగు మారడం కనిపించింది. ఎండి సుద్దలా ఉన్నది నాని, అన్నం వార్చిన గంజి మీద కట్టే మీగడలా అయింది.

బయటికి తీసి మెత్తటి గుడ్డ మీద ఉంచాను. కాటన్ బడ్ తడిపి, వేలి మొదట్లో ఆనించి, కొన వైపు మెల్లగా దొర్లించాను. రుద్దకూడదు, గీకకూడదు. దొర్లించాలి, ఎప్పుడూ మొదలు నుంచి కొనకే. మూడోసారి దొర్లించినప్పుడు పొర అంచు లేచింది. నాలుగోసారి మొత్తం తొడుగు, వేలి ఆకారం చెడకుండా, దూదికి అంటుకుని వచ్చేసింది. గోరు పట్టిన చోటు కూడా అందులో ఉంది. నా పక్కనుంచి అమ్మ ఊపిరి వదలడం వినిపించింది.

రెండో వేలు ఆరోజు రాలేదు. రానిదాన్ని రేపటికి వదిలేయాలి. గెక్కో గింజుకుంటున్నా, వేలు ఎర్రబడుతున్నా, ఒక్క చుక్క రక్తం కనిపించినా అక్కడితో ఆపాలి. ఒళ్లు తడి లేకుండా అద్ది, వెచ్చటి పెట్టెలోకి చేర్చాలి. మర్నాడు మళ్లీ ఇరవై నిమిషాలు. రెండో వేలు మూడో రోజున వచ్చింది.

డబ్బా బదులు లోతులేని గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి కాళ్లు మునిగేలా నిలబెట్టినా పనవుతుంది. నీళ్లు పొట్ట దాటకూడదు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. సబ్బు, షాంపూ, వంటనూనె, మందుల లేపనాలు ఏవీ వద్దు. పట్టకారు అసలే వద్దు. తోక పట్టుకుని ఎత్తకూడదు. భయపడితే గెక్కో తోక వదిలేస్తుంది. తోకలోనే అది కొవ్వు దాచుకుంటుంది. మళ్లీ మొలిచే తోక పాతదాని అందంగా ఉండదు, అది మొలవడానికి ఒంట్లోని బలమంతా ఖర్చవుతుంది.

పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గెక్కోలు ఆరోగ్యంగా కనిపిస్తున్నా సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తూ ఉండొచ్చు. ఆ డబ్బాను, గిన్నెను వంటింటి సింకులో కడగకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

కన్ను మన పని కాదు

మన గోడ మీది బల్లికి కనురెప్పలు లేవు. కంటి మీద అద్దంలాంటి పారదర్శక పొర ఉంటుంది, నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. చాలా గెక్కోలు ఇంతే. లెపర్డ్ గెక్కో మాత్రం రెప్పలున్న జాతి. కళ్లు మూస్తుంది, తెరుస్తుంది, నిద్రలో హాయిగా మూసుకుంటుంది. పిల్లలు దాన్ని ఇష్టపడటానికి ఆ ముఖమే సగం కారణం.

ఆ రెప్పలతోనే ఒక చిక్కు. రెప్ప లోపల కుబుసం ముక్క మిగిలితే ఇసుక పడ్డట్టు ఒరుస్తుంది. గెక్కో ఒక కన్ను మూసుకునే ఉంటుంది, మాటిమాటికీ నాలుకతో తుడుచుకుంటుంది, కాలితో రుద్దుకుంటుంది. కన్ను కనిపించక పురుగును పట్టలేదు, తిండి మానేస్తుంది. చీము చేరి గడ్డకట్టొచ్చు, చూపే పోవచ్చు. ఇలాంటప్పుడు ఇంట్లో చేయగలిగింది తేమ డబ్బాలో ఉంచడం వరకే. రెప్ప ఎత్తడం, ముక్క తీయడం వైద్యుల పని. ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి.

నల్లబడిన వేలు, వాచిన వేలు, పుండు, చీము, మూడు నాలుగు రోజులు ప్రయత్నించినా రాని పొర... ఇవన్నీ కూడా వైద్యుల దగ్గరికి వెళ్లాల్సినవే. కుక్కల్ని, పిల్లుల్ని చూసే వైద్యులందరూ సరీసృపాలను చూడరు. ఈ విద్య తెలిసినవాళ్ల కోసం 1991 నుంచి అంతర్జాతీయంగా సరీసృప, ఉభయచర పశువైద్యుల సంఘం ఉంది. గెక్కోను ఇంటికి తెచ్చుకోకముందే మనకు దగ్గర్లో అలాంటి వైద్యులు ఎవరున్నారో కనుక్కుని పెట్టుకోవాలి.

పొర తీస్తే సరిపోదు

మొండి కుబుసం జ్వరం లాంటిది. దాని వెనక ఏదో కారణం ఉంటుంది. పొర తీసేసి ఊరుకుంటే వచ్చే నెల మళ్లీ అదే వేలికి అదే ఉంగరం.

మొదట గాలి చూడాలి. లెపర్డ్ గెక్కో పెట్టెలో మామూలుగా 30 నుంచి 40 శాతం తేమ చాలు. కానీ ఒక మూల 'తడి గూడు' తప్పనిసరి. ఒక దారి ఉన్న చిన్న డబ్బా, లోపల తడిపి పిండిన స్పాగ్నమ్ నాచు గాని, కాగితపు తువాలు గాని. అందులో తేమ 70 నుంచి 80 శాతం దాకా ఉండాలి. గెక్కో తనకు కావాల్సినప్పుడు తానే వెళ్తుంది, చాలనుకున్నప్పుడు వస్తుంది. మనం ఇచ్చే స్నానం కన్నా ఈ గూడే గొప్ప సాయం. నాచును రెండు మూడు రోజులకోసారి తడపాలి. బూజు పట్టకముందే మార్చాలి. పెట్టె మొత్తాన్ని తడి చేయడం మాత్రం తప్పు. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే చర్మానికి, ఊపిరితిత్తులకు జబ్బులొస్తాయి.

తర్వాత వేడి. వెచ్చటి వైపు నేల 32 నుంచి 34 డిగ్రీలు, చల్లటి వైపు 21 నుంచి 25 మధ్య. వేడి చాలకపోతే ఒంట్లో ఏ పనీ సరిగా సాగదు, కుబుసం కూడా. హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ లేకపోతే పొట్ట కాలుతుంది. తడి గూడును వెచ్చటి వైపుకు దగ్గరగా పెడితే లోపల బొరియలాంటి వాతావరణం ఏర్పడుతుంది.

తర్వాత గరుకు. పెట్టె అంతా నున్నగా ఉంటే గెక్కో తల ఎక్కడ రుద్దుకుంటుంది? ఒక గరుకు రాయి, ఒక బెరడు ముక్క చాలు.

చివరగా తిండి. లెపర్డ్ గెక్కో పురుగులే తింటుంది. కీచురాళ్లు, డుబియా బొద్దింకలు, మీల్‌వార్మ్‌లు. ఈ పురుగుల్లో విటమిన్ ఎ తక్కువ. అది చాలకపోతే చర్మం, కళ్లు దెబ్బతింటాయి, కుబుసం చిక్కుతుంది. అందుకే పురుగులకు ఒకరోజు ముందు క్యారెట్, ఆకుకూరలు మేపి, పైన క్యాల్షియం, విటమిన్ పొడి అద్ది ఇవ్వాలి. విటమిన్ చుక్కలు మన ఇష్టం వచ్చినట్టు పోయకూడదు. ఎక్కువైనా చర్మం ఊడుతుంది. ఎంతన్నది వైద్యులు చెప్పాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా ప్రతిసారీ కుబుసం చిక్కుతోందంటే ఒంట్లో వేరే జబ్బు ఉందేమో చూడాలి. చర్మం మీద మైట్ అనే సన్నటి పురుగులు పట్టి ఉండొచ్చు. తోక సన్నబడుతూ, విరేచనాలు మారుతూ ఉంటే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కారణం కావచ్చు. మలపరీక్ష చేయించాల్సిందే.

ఒక్కో గెక్కోది ఒక్కో గాలి

గెక్కో అన్న మాట ఒకటే అయినా జాతులు అనేకం. ఒకదానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదానికి చేటు. పెంపుడు గెక్కోల్లో పేరున్న క్రెస్టెడ్ గెక్కో పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవులది. 1866లో శాస్త్రానికి తెలిసి, తర్వాత అంతరించిపోయిందని అనుకున్న ఈ జీవి 1994లో మళ్లీ కనిపించింది. అది వానలు పడే అడవి బిడ్డ. దాని పెట్టెలో రాత్రి నీళ్లు చిలకరించి తేమను 70, 80 శాతానికి తెచ్చి, పగలు 50 దాకా ఆరనివ్వాలి. దానికి తోక ఊడితే మళ్లీ మొలవదు.

దాని వేళ్లకు కుబుసం చిక్కితే ఇంకో నష్టం ఉంది. అది గాజు మీద, ఆకు మీద పాకే జాతి. మన గోడ బల్లిలాగే దాని వేళ్ల కింద మెత్తలుంటాయి. ఈ మెత్తల రహస్యాన్ని టోకే గెక్కో మీద పరిశోధించిన కెల్లర్ ఆటమ్ బృందం 2000లో బయటపెట్టింది. ఒక్కో పాదం కింద దాదాపు 5 లక్షల సూక్ష్మమైన వెంట్రుకలుంటాయి. ఆ వెంట్రుకల కొనలకూ గోడకూ మధ్య పుట్టే వాండర్ వాల్స్ ఆకర్షణే బల్లిని పడిపోకుండా పట్టి ఉంచుతుందని అదే బృందం 2002లో తేల్చింది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఈ వెంట్రుకలు కొత్తవవుతాయి. పాత పొర మిగిలితే వాటి మీద ముసుగు కప్పినట్టే. గెక్కో జారి పడుతుంది. ఎక్కలేనిది ఆకలితో ఉంటుంది.

మన బల్లుల్ని మన రాళ్ల మీదే ఉండనిద్దాం

ఈ కథనం చదివి ఏ పిల్లవాడైనా కొండ మీది బల్లిని పట్టి తెచ్చుకుందామనుకుంటే పెద్దలు ఆపాలి. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది. బెడ్డోమ్ అనే ప్రకృతి పరిశోధకుడు 1870లో లోకానికి చెప్పిన అపురూపమైన జీవి అది. తూర్పు కనుమల్లో మా పులిహోరకు దగ్గరి చుట్టం, హార్డ్‌విక్కీ అనే లెపర్డ్ గెక్కో ఉంది. లెపర్డ్ గెక్కోల్లో దేనికీ విషం లేదు. భయంతో చంపడమూ తప్పే, ముచ్చటపడి పట్టుకోవడమూ తప్పే. మందుకు పనికొస్తుందన్న పుకార్లతో టోకే గెక్కోల్ని పట్టి అమ్మే ముఠాలు ఈశాన్య రాష్ట్రాల్లో తరచూ పట్టుబడుతున్నాయి. 2019 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైట్స్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. విదేశీ జాతుల్ని పెంచేవాళ్లు నమోదు చేసుకునే నిబంధనలు 2024లో వచ్చాయి. ఏ గెక్కోనైనా ఇంటికి తెచ్చుకునే ముందు దానికి చట్టం ఒప్పుకుంటుందా అని అటవీశాఖనే అడగాలి. అమ్మేవాళ్ల మాట చాలదు.

తెచ్చుకున్నాక అది పండగ బొమ్మ కాదు. బాగా చూసుకుంటే లెపర్డ్ గెక్కో 15, 20 ఏళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్ల పెళ్లీడుకొచ్చేదాకా అన్నమాట. ఆ ఏళ్లలో వందకు పైగా కుబుసాలు. ప్రతిదానికీ మన కన్ను కావాలి. అందులో తొంభైకి పైగా మన చెయ్యి అక్కర్లేకుండా పోవాలి. మంచి పెంపకం అంటే అదే.

మా అమ్మాయి పులిహోర కోసం ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. తేదీ, పెట్టెలో తేమ, తిన్న పురుగులు, పక్కన ఒక అంకె. ఏప్రిల్‌లో అమ్మ తెనాలి వెళ్లిపోయింది. తడి గూడులో నాచు వేశాక అప్పటికి రెండు కుబుసాలు అయ్యాయి, అమ్మ వెళ్లాక మూడోది. మూడింటిలోనూ మేం డబ్బా తీయాల్సిన పని పడలేదు. మూడోది అయిన రోజు పొద్దున గూడు మూత తీసి చూస్తే పొర జాడే లేదు. కొత్త పసుపుతో, తడి నాచు మీద గడ్డం ఆనించి పులిహోర నిద్రపోతోంది.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకు ఆ సంగతి చెప్పాం. విశేషాలన్నీ అయ్యాక ఫోను పెట్టేయబోతూ ఆగి అడిగింది. "వేళ్లు లెక్కెట్టావంటే?"

మా అమ్మాయి పుస్తకం తెరిచి కెమెరా ముందు పెట్టింది.

"పందొమ్మిదీ ఉన్నాయి అమ్మమ్మా."